శామ్ హ్యూస్టన్ బొమ్మలు: రెండోది అయింది, మూడోది మొదలైంది

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సేనాని, నాయకుడు శామ్ హ్యూస్టన్‌వి వరసగా కడుతున్న బొమ్మల్లో రెండోదానికి మ్యాట్ వార్నిష్ ఒక్కటే మిగిలింది. స్కేలు అన్నిటికీ 1/32. మనిషి ఆరడుగుల రెండంగుళాలు కాబట్టి నిలబెడితే సుమారు 59 మి.మీ. వస్తాడు. బజార్లో దొరికే 54 మి.మీ. బొమ్మలు ఇతనికి పొట్టి. అందుకే రాగి తీగ మీద ఎపాక్సీ పుట్టీతో నేనే కడుతున్నాను.

పదవులకేం, బోలెడు: టెన్నెసీ గవర్నరు, విడి దేశంగా ఉన్న టెక్సస్‌కి రెండుసార్లు అధ్యక్షుడు, అమెరికా సెనేటరు, చివర్లో టెక్సస్ గవర్నరు. బొమ్మ కట్టేవాడికి మాత్రం ముందు గాయాల లెక్క తెలియాలి. 1814 మార్చి 27న, అలబామాలోని హార్స్‌షూ బెండ్ దగ్గర అమెరికా ఆదివాసులైన క్రీక్ యోధులతో జరిగిన పోరులో తొడలో బాణం దిగింది. దాన్ని లాగించుకుని మళ్లీ ముందుకెళ్తే కుడి భుజంలో రెండు తూటాలు. అప్పటికి వయసు 21. ఆ గాయాలు బతికినంతకాలం పూర్తిగా మానలేదు. అందుకే మొదటి బొమ్మ తర్వాత కట్టేవాటన్నిటికీ, పుట్టీ పెట్టకముందే, తీగలో కుడి భుజం కొంచెం కిందికి వంచుతున్నాను.

రెండో బొమ్మ 1836 ఏప్రిల్ 22. మెక్సికో నుంచి టెక్సస్ విడిపోయిన యుద్ధం అది, టెక్సస్ సైన్యాన్ని నడిపింది హ్యూస్టనే. ముందురోజు సాన్ జసింటోలో అసలు దాడి 18 నిమిషాల్లో ముగిసింది. తర్వాత కూడా లొంగిపోతున్నవాళ్లని చంపుతూనే ఉన్నారు. 600 మందికి పైగా మెక్సికన్ సైనికులు పోయారు. ఆ ఘట్టం చెయ్యబుద్ధి కాలేదు. చీలమండకి తూటా తగిలి చెట్టు కింద పడుకున్న హ్యూస్టన్ దగ్గరికి, మామూలు సిపాయి బట్టల్లో దొరికిపోయిన మెక్సికో సైన్యాధిపతి సాంటా అన్నాని తెచ్చిన క్షణం తీసుకున్నాను. టెక్సస్ సైన్యానికి ఒకే రకం యూనిఫాం లేకపోవడం మనకి కలిసొచ్చింది. బట్టలకి గోధుమ, బూడిద, వెలిసిన నీలం ఏవైనా నడుస్తాయి.

ఎక్కువ టైం తిన్నది చెట్టే. అక్కడి ఓక్ కొమ్మలకి బూడిదరంగు నాచు గడ్డాల్లా వేలాడుతుంది. కొబ్బరి పీచు ముతకగా కనిపించింది. జనపనార దారాన్ని సెంటీమీటరు ముక్కలుగా కోసి, వేళ్లతో విప్పి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి కొమ్మకి అతికిస్తే సరిగ్గా కుదిరింది. ఆరాక పల్చటి బూడిద-ఆకుపచ్చ ఒక్క కోటు చాలు.

1829 బొమ్మ ఎందుకు లేదని అడిగేవాళ్లున్నారు. పెళ్లయిన మూడు నెలలు తిరక్కుండానే భార్య పుట్టింటికి వెళ్లిపోయింది, ఈయన గవర్నరు పదవి వదిలేసి, కుర్రతనంలో తనని చేరదీసిన చెరోకీ ఆదివాసుల దగ్గరికి వెళ్లిపోయాడు. కారణం ఆయన బయట పెట్టలేదు. ఊహించి మొహంలో ఏదో ఒక భావం పెట్టడం నాకిష్టం లేదు.

ఇప్పుడు మూడోది, సెనేటరు. చిరుతచర్మం వెయిస్ట్‌కోటు వేసుకుని సభలో కూర్చుని చాకుతో చెక్క చెక్కేవాడు. ఈ స్కేల్లో ఒక్కో మచ్చ మిల్లీమీటరే. పసుపు ఓకర్‌లో తెలుపు కలిపి ముందు బేస్, మీద ముదురు గోధుమ చుక్క, దాని చుట్టూ నలుపు తెగిన గీతల్లా. గుండ్రంగా మూసేస్తే చుక్కల చీరలా తయారవుతుంది. బాగా సన్నటి ట్రిపుల్ జీరో బ్రష్, పెయింట్‌లో అది త్వరగా ఆరకుండా ఒక చుక్క రిటార్డర్.

సొంతంగా బానిసలున్న మనిషే, బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకే దారి తెరిచిన 1854 కాన్సస్-నెబ్రాస్కా బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాడు. దక్షిణాది సెనేటర్లలో అలా చేసినవాళ్లు బహు కొద్దిమంది. ఈ రెండూ ఒకే మొహంలో ఎలా చూపాలో ఇంకా తేలలేదు, తల ప్రస్తుతానికి అతికించలేదు.

నాలుగోది 1861 మార్చి: అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీకి ప్రమాణం చెయ్యనని గవర్నరు పదవి పోగొట్టుకున్న రోజు. పైన సభలో పేరు పిలుస్తుంటే కింద కూర్చుని చెక్క చెక్కుతున్నాడని చెబుతారు. అంటే చాకు పట్టుకున్న చెయ్యి రెండు బొమ్మలకీ కావాలి. సిలికాన్ అచ్చు తీసి ఒకేసారి పోసుకుంటాను. కుర్చీ కాళ్లకి 1 మి.మీ. ఇత్తడి కడ్డీ బరువు ఆపుతుందా, 1.2 తీసుకోమంటారా?