ఉరుముల వానా, ముసురా? మేలో వారం రోజులు నీలగిరికి వెళ్ళేవాళ్ళకి

బెంగళూరులో ఉండేవాళ్ళకి మే నెల వాన సంగతి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది, నాలుగింటికి మబ్బు కమ్ముతుంది, ఆఫీసులు వదిలే వేళకి ఈదురుగాలితో దంచి కొడుతుంది, రాత్రి తొమ్మిదింటికల్లా ఏమీ ఎరగనట్టు చుక్కలు కనబడతాయి. ఊటీలోనూ మేలో పడేది చాలామటుకు ఆ వానే. కాకపోతే కొండ ఉంది కాబట్టి రెండు గంటలు ముందే మొదలవుతుంది. ఫోన్‌లో ఏడు రోజులకీ వరసగా మెరుపు బొమ్మలు చూసి రూము రద్దు చేసుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఆ బొమ్మ ఉందంటే రోజంతా వాన అని కాదు. అసలు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ వారం పడేది ఉరుముల వానా, ముసురా?

ఉరుముల వానకి టైమ్‌టేబుల్ ఉంటుంది. పొద్దున్నే కొండ వాలు మీద ఎండ పడగానే అక్కడి గాలి వేడెక్కి వాలు వెంట పైకి పాకుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి, శిఖరాల మీద మబ్బు కడుతుంది. తొమ్మిదిన్నర, పదికి దూదిపింజల్లా మొదలై, పదకొండుకి కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు లోపల కురిసేస్తుంది. రాత్రికి తెరిపి. కాబట్టి పదకొండింటికి మబ్బు తలలు చూడండి. బల్లపరుపుగా, పల్చగా ఉండిపోతే ఆ రోజుకి గండం గడిచినట్టే. అంచులు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉండి, చూస్తూండగానే పైకి పెరుగుతుంటే మూడింటి లోపు వాన ఖాయం. తొమ్మిదికే పెరగడం మొదలైతే భోజనాల వేళకే ఉరుములు. పైన పల్చటి తెర మబ్బు పరుచుకుని ఎండ మసకబారిన రోజున వాన ఆలస్యం కావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. రెండు మూడు రోజులు చినుకు లేకుండా ఉక్కపోస్తే మాత్రం ఆ తర్వాత వచ్చే మొదటి వాన వట్టిగా రాదు. గాలి, పిడుగులు, ఒక్కోసారి వడగళ్ళు కూడా.

ముసురు పద్ధతి వేరు. దాన్ని తెచ్చేది నైరుతి రుతుపవనం, అది మామూలుగా కేరళని తాకేది జూన్ 1న. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అనుకునే రోజుల్లోనే నీలగిరిలో ముసురు పట్టే అవకాశం ఉంది. 2025లో మే 24నే వచ్చేసింది. ఆ వారాంతంలోనే నీలగిరికి రెడ్ అలర్ట్ ఇచ్చారు. ముసురుకి గడియారంతో పని లేదు. పొద్దున ఆరింటికీ తుంపరే, అర్ధరాత్రీ తుంపరే, ఉరుములు తక్కువ. దాన్ని పసిగట్టేది గాలిని బట్టి. మబ్బు శిఖరం మీద పుట్టి అక్కడే పెరుగుతుంటే ఉరుముల వాన. పడమటి నుంచి తరుముకుంటూ వరసలు వరసలుగా మబ్బు పోతూ ఉండి, రాత్రి కూడా గాలి తగ్గకపోతే ముసురు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఉరుముల వానకి వేళ మార్చుకోవాలి, ముసురుకి ఊరు మార్చుకోవాలి. పడమటి గాలి తెచ్చిన తేమనంతా ముందు పడమటి వైపున్న గూడలూరు, దేవాల, అవలాంచి కొండలు పిండేసుకుంటాయి. 2019 ఆగస్టులో అవలాంచిలో 24 గంటల్లో 82 సెంటీమీటర్లు పడింది. అదే గాలి తూర్పు అంచున ఉన్న కోటగిరి, కూనూరు చేరేసరికి చాలా ఆరిపోతుంది. ముసురు పట్టిన వారం పైకారా పడవలు, అవలాంచి పక్కన పెట్టి కోటగిరిలో మకాం వేస్తే సగం రోజులైనా పొడిగా దొరుకుతాయి. ఉరుముల వానకి ఈ సూత్రం పనికిరాదు. తూర్పు, పడమర అని చూడదు, ఏ కొండ వేడెక్కితే ఆ కొండ మీద పడుతుంది.

ఫోన్ యాప్ గురించి ఒక మాట. అది లెక్కలోకి తీసుకునేది కొన్ని కిలోమీటర్ల గడి, అందులోని ఎత్తుల సగటు. కొండ కింద మేట్టుపాళయం 325 మీటర్ల ఎత్తులో ఉంది, పక్కనే కూనూరు 1,850లో. వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున ఆ రెంటికీ తేడా పది డిగ్రీలు. గడిలో మైదానం ముక్క కలిస్తే అంకె తప్పుతుంది. 2,240 మీటర్ల ఊటీకి మేలో పగలు 22, 23, తెల్లవారుజామున 11 నుంచి 13 అని గుర్తుంచుకుంటే చాలు. యాప్ కన్నా వాతావరణ శాఖ బులెటిన్ మేలు. మనవాళ్ళు చేసే పొరపాటు, బెంగళూరు కేంద్రం బులెటిన్ చూసుకుని బయలుదేరడం. అది కర్ణాటకలోని గుండ్లుపేట దాకానే పనికొస్తుంది. నీలగిరి తమిళనాడు జిల్లా, చెన్నై కేంద్రం బులెటిన్ చూడాలి. అందులో ‘ఒకటి రెండు చోట్ల భారీ వాన’ అంటే జిల్లా మొత్తం మునిగిపోతుందని కాదు, ఎక్కడో ఒకటి రెండు ఊళ్ళలో 64.5 మిల్లీమీటర్లు దాటొచ్చని. ఇక హెచ్చరిక రంగులు: యెల్లోకి ప్రయాణం మానక్కర్లేదు. ఆరెంజ్ అంటే ఘాట్ రోడ్డు ఎక్కకుండా ఉన్నచోటే ఉండటం మంచిది. రెడ్ ఇస్తే ఇక ఆలోచన లేదు, మానుకోవడమే.

చేతి గడియారంలోనో ఫోన్‌లోనో ఎత్తు చూపించే ప్రెషర్ సెన్సర్ ఉంటే ఇంకో ఉపాయం ఉంది. రూములోంచి కదలకుండానే అది చూపే ఎత్తు పెరిగిందంటే గాలి పీడనం తగ్గిందని అర్థం. ఊటీ ఎత్తులో పీడనం ఒక్కో హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే యూనిట్) తగ్గితే ఎత్తు పది, పదకొండు మీటర్లు పెరిగినట్టు చూపిస్తుంది. అయితే ఇక్కడే చాలామంది కంగారు పడతారు. మన ఉష్ణమండలంలో పీడనం రోజుకి రెండుసార్లు దానంతటదే ఎక్కి దిగుతుంది: ఉదయం పదికి, రాత్రి పదికి ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య ఇరవై, ముప్ఫై మీటర్ల తేడా కనబడితే అది మామూలే, తుఫానూ కాదు, పాడూ కాదు. నిన్న ఉదయం ఏడింటి అంకెని ఈ ఉదయం ఏడింటి అంకెతో పోల్చండి. రెండు రోజులు వరసగా పెరుగుతూ ఉంటే అప్పుడు బులెటిన్ ఇంకోసారి తెరవండి.

ఇక వారాన్ని ఎలా వాడుకోవాలి? దొడ్డబెట్ట శిఖరం, 2,637 మీటర్లు. పదకొండు లోపు ఎక్కి దిగేయాలి. ఉరుము వినబడ్డాక అక్కడ నిలబడకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. ముప్ఫై సెకన్ల లోపు వస్తే కారులోకో పక్కా భవనంలోకో వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఒంటరి యూకలిప్టస్ చెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడటం కన్నా తడవడమే నయం. కూనూరు వైపు డాల్ఫిన్స్ నోస్, లాంబ్స్ రాక్ వ్యూపాయింట్లు పొద్దున ఏడు, తొమ్మిది మధ్య చూడండి. పది దాటితే లోయలోంచి పొగమంచు లేచి తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడకపోవచ్చు. ముందు రాత్రి వాన పడి ఆకాశం విచ్చుకుంటే మర్నాడు తెల్లవారి కేత్తి లోయ నిండా మంచు పాలపొంగులా నిలబడుతుంది. ఆ పొద్దు మాత్రం పడుకోకండి. బొటానికల్ గార్డెన్, టీ ఫ్యాక్టరీ, చాక్లెట్ల కొనుగోలు, మ్యూజియంలు మధ్యాహ్నానికి ఉంచుకోండి. మేట్టుపాళయం నుంచి కొండెక్కే రైలు ఎక్కాలనుకుంటే వారం మొదట్లోనే పెట్టుకోవాలి. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ళచట్రం మీద ఎక్కే ఆ దారిలో పన్నెండుకి ఒకటి వాలు ఉంటుంది. పెద్ద వాన పడి మట్టి జారితే ఆ ముక్క మూసేస్తారు. పట్టాలు శుభ్రం చేసేదాకా ఎదురుచూడ్డమే.

దారి సంగతి. బండీపూర్ అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూత. బెంగళూరులో తెల్లవారి నాలుగింటికి కదిలితే పదకొండు, పన్నెండు మధ్య ఊటీలో ఉంటారు, వాన కన్నా ముందు. 2024 మే 7 నుంచి నీలగిరిలోకి వెళ్ళే బండ్లకి ఈ-పాస్ తప్పనిసరి. దానికి పరిమితి కూడా ఉంటుంది కాబట్టి వాతావరణం చూసి చివరి నిమిషంలో తేదీ జరుపుకుందామంటే కుదరకపోవచ్చు. మసినగుడి మీదుగా వెళ్ళే కల్హట్టి ఘాట్ దగ్గరి దారే, కానీ 36 హెయిర్‌పిన్‌లు. తడి రోడ్డు మీద కొత్తవాళ్ళకి ఆ దారి వద్దు, గూడలూరు మీదుగా వెళ్ళండి. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుతురు మంచుకి తగిలి మీ కళ్ళలోనే పడుతుంది. లోబీమ్ చాలు. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేసి, గాలిని అద్దం వైపు తిప్పి, లోపలి గాలే తిరిగే బటన్ తీసేయండి. బయట పడితే ఏసీ తగ్గించి వైపర్ వేయండి. ఈ రెండూ తారుమారు చేసి గుడ్డతో తుడుస్తూ బండి నడిపేవాళ్ళు ప్రతి మలుపులో కనబడతారు. దిగేటప్పుడు రెండో గేరు. కాలిన వాసన వచ్చిందంటే బ్రేకులు వేడెక్కాయి, వెడల్పు చోటు చూసి ఇరవై నిమిషాలు ఆపండి. రోడ్డు పక్క కాలవలో తేటగా పారే నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, పైనుంచి గులకరాళ్ళు ఒకటీ అరా దొర్లుతున్నా ఆ కొండ కింద బండి ఆపకూడదు.

బట్టల్లో జీన్స్ తగ్గించండి. తడిస్తే రెండు రోజులైనా ఆరవు, ఒంటికి అంటుకుని చలి ఎక్కిస్తాయి. పల్చటి చొక్కా, మీద స్వెట్టరు, ఆ పైన టోపీ ఉన్న రైన్‌కోటు. ఇలా పొరలుగా ఉంటేనే గంటకో రకంగా మారే వాతావరణానికి సరిపోతుంది. ఈదురుగాలికి గొడుగు తిరగబడుతుంది. చల్లగా ఉందని సన్‌స్క్రీన్ మానేస్తే ముక్కు తోలు ఊడుతుంది, వెయ్యి మీటర్లకి దాదాపు పదో వంతు చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. కాటేజీలో వండుకునేవాళ్ళు కుక్కర్ వెంట తీసుకెళ్ళండి. ఊటీలో నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు పెడితే పలుకు చావదు. కుక్కర్‌లో అయినా బెంగళూరు లెక్క మీద ఇంకో రెండు కూతలు రానివ్వండి.