కరకట్ట మీద మంచు

డిసెంబర్ 13, శనివారం. పటమట.

పొద్దున ఆరున్నరకి కారు తాళం తిప్పితే టక్ టక్ మని రెండు చప్పుళ్లు వచ్చి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగాయి, హారన్ నీరసంగా మూలిగింది, సెల్ఫ్ మాత్రం తీసుకోలేదు. రేపు అమ్మని తోట్లవల్లూరు అవతల మామయ్య వాళ్ల ఊరు తీసుకెళ్లాలి, మనవడి బారసాల. ఆగితే ఆగింది, ఇవాళే ఇంటి ముందు ఆగిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

పక్కింటి అన్నయ్య తన కారు తెచ్చి ఎదురుగా పెట్టి జంపర్ కేబుల్ వేశారు. బండి అందుకుంది. ఎక్కడా ఆపకుండా నేరుగా ఆటోనగర్ వెళ్లిపోయాను.

నాన్న ఉన్నప్పటి నుంచి మా బండ్లన్నీ చూసేది ఒక్క మెకానిక్ బాబాయే. బానెట్ ఎత్తగానే ఆయన కళ్లు బ్యాటరీ మీదికే వెళ్లాయి. టెర్మినల్ చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి పేరుకుపోయి ఉంది, రాగి చెంబుకి పట్టిన చిలుములాగా. నెలకోసారి బండి కడిగిస్తాను కానీ ఈ మూత ఎత్తి చూసి ఎన్నాళ్లయిందో. ముందు నెగటివ్ వైరు విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లు పోసి పాత బ్రష్షుతో రుద్దారు. కాసేపు ఆగి మీటరు పెడితే 12.1 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపించాలి. వైర్లు మళ్లీ బిగించి సెల్ఫ్ కొట్టమన్నారు. కొడుతుంటే అంకె 9 కిందికి జారిపోయింది. బండి స్టార్టయ్యాక 14 చూపించింది కాబట్టి బండి నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో బాగానే ఉందన్నమాట.

“మన బెజవాడలో చలెంతని బాబాయ్, 18 డిగ్రీలకే బ్యాటరీ పోతుందా?” అన్నాను.

“ఎండాకాలంలోనే సగం పోయిందమ్మా. ఇప్పుడు బయటపడింది.”

ఆయన చెప్పాక నాకు బాగా అర్థమైంది. మే నెల ఎండకి బ్యాటరీలో నీళ్లు ఆవిరవుతాయి, లోపల ప్లేట్లు దెబ్బతింటాయి. ఆ వేడిలో ఇంజనాయిలు పలచగా ఉంటుంది కాబట్టి నీరసంగా ఉన్న బ్యాటరీ కూడా ఎలాగో ఇంజన్ని తిప్పేస్తుంది. చలికి ఆయిలు కాస్త చిక్కబడుతుంది, బ్యాటరీ ఇచ్చే కరెంటూ తగ్గుతుంది. మాది నాలుగేళ్ల బ్యాటరీ. ఇంక ఆలోచించలేదు, కొత్తది వేయించేశాను.

ఇంజన్ మీద వేరుశనగ తొక్కలు కనిపించాయి. రాత్రిళ్లు చలికి ఎలుక వెచ్చగా అక్కడే పడుకుంటోంది! ఒక వైరు పైతొడుగు కొరికింది, లోపలి రాగి ఇంకా బయటపడలేదు. టేపు చుట్టించాను. పొగాకు కాడలు కట్టమని బాబాయ్ సలహా ఇచ్చారు, కట్టి చూస్తాను.

టైర్లలో గాలి 33 పాయింట్లు ఉండాల్సింది 29 ఉంది. గాలి చల్లబడితే దగ్గరికి ముడుచుకుంటుంది, ఆరేడు డిగ్రీలు తగ్గితే ఒక పాయింటు పడిపోతుంది. మిగతా మూడూ నా అశ్రద్ధే. వైపర్ రబ్బర్లు కూడా మార్పించాను, పాతవి అద్దం మీద గీతలు గీతలుగా నీళ్లు వదిలేస్తున్నాయి.

ఈ అద్దం సంగతే నాకు అన్నిటికన్నా టెన్షన్. రెండేళ్ల క్రితం ఇలాగే డిసెంబర్లో తెల్లవారుజామున కరకట్ట మీద వెళ్తున్నాం. కృష్ణ మీద నుంచి మంచు దుప్పటిలాగా లేచి కట్ట మీదికి వచ్చేసింది. హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచుకి తగిలి నా కళ్లలోకే తిరిగొచ్చింది, ముందు తెల్లటి గోడ కట్టినట్టు. లోపల మా ఊపిరికి అద్దం మసకబారింది. గుడ్డతో తుడిచాను, ఇంకా అలికినట్టయింది. అంతలో గడ్డి లోడు ట్రాక్టరు, ట్రక్కుకి వెనక ఒక్క లైటు లేదు, సరిగ్గా మా ముందు ప్రత్యక్షమైంది. బ్రేకు మీద నిలబడ్డాను. గడ్డి పోచలు మా బానెట్‌ని రాసుకునేంత దగ్గరగా ఆగింది కారు. పక్క సీట్లో అమ్మ నా మోచెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతే నేర్చుకున్నాను. లోపల మసక పడితే ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చే మీట పెట్టాలి. ఏసీ గాలిలో తేమ తక్కువ కాబట్టి అద్దం నిమిషంలో తేటపడుతుంది. బయటి వైపు మసక పడితే ఏసీ మరీ చల్లగా ఉందని అర్థం, వేడి కాస్త పెంచి వైపర్ తిప్పాలి. లైట్లు డిమ్‌లోనే ఉంచాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపేవాళ్లని చూస్తే నాకు భయం, ఆగి ఉన్నారో కదులుతున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాళ్లకి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం అద్దాలన్నీ లోపలా బయటా శుభ్రంగా తుడిచాను. టార్చిలైటు, జంపర్ కేబుల్ డిక్కీలో పెట్టాను. అమ్మ వాకిట్లో నీళ్లు చల్లి వచ్చి, “ఐదింటికల్లా బయల్దేరదామా? టిఫిన్ల వేళకి వస్తామని చెప్పాను” అంది.

“ఎండ పడ్డాకే వెళ్దాం అమ్మా. ఏడున్నరకి.”

కాసేపు నా మొహం చూసింది. లోపలికెళ్లి మామయ్యకి ఫోన్ చేసింది. “మా కోసం ఆగకండిరా, మీరు తినేయండి. మేం వచ్చాక వేసుకుంటాం, పెసరపిండి కాస్త ఉంచండి చాలు.”