నేను మొఱ్ఱపెట్టిన దినమున

యెరూషలేము నుంచి వచ్చి ఇంకా సూట్‌కేసు కూడా సర్దలేదు, ముందు ఈ సాక్ష్యం రాయాలి.

మా అబ్బాయి ఐసీయూలో ఉన్న రాత్రి బయట కుర్చీలో కూర్చుని బైబిల్లో దావీదు రాసిన 138వ కీర్తన చదివాను. "నేను మొఱ్ఱపెట్టిన దినమున నీవు నాకు ఉత్తరమిచ్చితివి" అనే మూడో వచనం దాటలేకపోయాను. ఆ రాత్రి డాక్టర్లు మంచి మాటేమీ చెప్పలేదు, వాడు లేచి నడవడానికి చాలా నెలలు పట్టింది. కానీ నాకు జవాబు ఆ రాత్రే వచ్చింది. వణుకు ఆగింది, మా ఆయనకి నేనే ధైర్యం చెప్పాను. దావీదుకీ అంతే కదా, ఏడో వచనానికి వచ్చినా ఇంకా ఆపదల్లోనే ఉన్నాడు, శత్రువుల కోపం చల్లారలేదు, ప్రాణంలో త్రాణ, అంటే బలం, మాత్రం ముందే పుట్టింది. బిడ్డ బాగుపడితే ఆ కీర్తనలో దావీదు చెప్పిన యెరూషలేము పరిశుద్ధాలయం తట్టు నిలబడి ఇదే కీర్తన చదువుతానని మ్రొక్కుబడి చేసుకున్నాను.

యెరికో నుంచి బస్సు కొండెక్కుతుంటే 120 నుంచి 134 వరకు యాత్రకీర్తనలు, అంటే యెరూషలేముకి ఎక్కివెళ్ళే యాత్రికుల పాటలు, చదువుకుంటూ వెళ్ళాం. ఆలయాన్ని క్రీ.శ. 70లోనే రోమా సైన్యం పడగొట్టింది, ఇప్పుడు అందరూ ప్రార్థించేది హేరోదు కట్టించిన ఆవరణ పడమటి గోడ దగ్గర. మేం వెళ్ళింది గురువారం, యూదులు అబ్బాయిలకి బార్ మిట్స్వా (పదమూడేళ్ళకి మతపరంగా పెద్దవాడయ్యాడని చేసే వేడుక) చేసుకునే రోజుల్లో ఒకటి. ఆడవాళ్ళ వైపు అసలే చోటు తక్కువ, అందులో తల్లులూ అత్తలూ ప్లాస్టిక్ కుర్చీలెక్కి అవతలి మగవాళ్ళ వైపు తొంగిచూస్తూ చాక్లెట్లు విసురుతున్నారు, గైడేమో టైమ్ అయిపోతోందని తొందర, మన గ్రూపువాళ్ళే సెల్ఫీల కోసం నన్ను తోసేస్తుంటే ఏడుపొచ్చేసింది. ఇంత దూరం వచ్చింది ఫొటోలకా!

గోడకి ఆనుకుని కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, చెయ్యి పట్టి లాగి, తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె చేతిలో హీబ్రూ కీర్తనల పుస్తకం, మడతలు పడి నలిగిపోయి ఉంది. నేను ఫోన్‌లో 138 అని అంకె చూపించాను. ఆమె పేజీ తీసి, ముఖమంతా వెలిగిపోతూ, నిలబడే పైకి చదవడం మొదలుపెట్టింది. నేను తెలుగులో అందుకున్నాను. ఒకరి మాట ఒకరికి తెలియదు, ఎనిమిది వచనాలూ ఇద్దరం కలిసే ముగించాం. ఆ కాసేపు తోపులాట ఏమైందో నాకు తెలియనే లేదు.

లేచి వచ్చేటప్పుడు ఆమె అక్కడందరూ చేసినట్టే ప్రార్థన రాసి మడిచిన కాగితం ఒకటి గోడ సందులో పెట్టి, రాయికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె బాధేమిటో అడిగే భాష నా దగ్గర లేదు. ఇది చదివినవాళ్ళు ఆ అమ్మ కోసం ఒక్కసారి ప్రార్థన చేయండి, ఆమె మొఱ్ఱకీ ప్రభువు ఉత్తరమియ్యాలి.