మూడు కప్పులు, ఆరు శనివారాలు

మావాడి హిస్టరీ టీచర్ ఊరి చరిత్రలోంచి ఒక దశాబ్దం ఎంచుకుని, ఆధారాలతో సహా రాసుకురమ్మంది. మేముండేది టెక్సస్ పడమటి వైపు, ఒడెస్సాలో. వాడు చదివేది పర్మియన్ హైస్కూల్లో. ఈ ఊళ్ళో చరిత్రంటే ఒకటి ఆయిలు, రెండోది ఫుట్‌బాల్. ఆయిలు నా ఉద్యోగం కాబట్టి వాడికి దానిమీద సహజంగానే విసుగు. 1980ల ఫుట్‌బాల్ తీసుకున్నాడు. "మా స్కూలుకి మూడు స్టేట్ చాంపియన్‌షిప్‌లు నాన్నా, 1980, 1984, 1989. గంట పని" అన్నాడు. ఆరు శనివారాలు పట్టింది. అందులో నాలుగు నావే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని, ఎదుటివాళ్ళని తోసుకుంటూ గజం గజం ముందుకు పోయే ఆట. 1982లో తెరిచిన రాట్లిఫ్ స్టేడియంలో దాదాపు 19 వేల మంది పడతారు. పదహారు పదిహేడేళ్ళ పిల్లలు ఆడే ఆటకి అన్ని సీట్లెందుకో నాకు మొదటి ఏడాది అర్థం కాలేదు. శుక్రవారం రాత్రి ఒకసారి వెళ్ళాక మళ్ళీ అడగలేదు.

మొదటి శనివారమే తప్పులో కాలేశాం. ఇంటిపక్క పెద్దాయన తన అటక మీంచి పాత ఇయర్‌బుక్‌లు, అంటే స్కూలు ఏటా అచ్చువేసే జ్ఞాపకాల పుస్తకాలు, దింపి ఇచ్చాడు. వాటి మీది సంవత్సరాలే చూసుకుంటూ మావాడు పట్టిక వేసేశాడు: 1981, 1985, 1990. మూడూ తప్పే. సీజన్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్‌లో ఫైనల్‌తో ముగుస్తుంది. ఇయర్‌బుక్ మాత్రం స్కూలు సంవత్సరం ముగిసే ఏడాది పేరుతో వస్తుంది. అంటే 1985 అని రాసి ఉన్న పుస్తకంలో ఉండేది 1984 సీజన్. వాడు ముందే నోటితో చెప్పిన అంకెలు సరైనవి, కష్టపడి పుస్తకాలు చూసి రాసినవి తప్పు! ఇక పేపర్లే చూద్దామని లైబ్రరీకి బయలుదేరాం.

మైక్రోఫిల్మ్ ఎప్పుడైనా చూశారా? పాత పేపర్ల పేజీల్ని బుల్లి ఫొటోలుగా దాచిన, బొటనవేలంత వెడల్పున్న రీలు. దాన్ని ఒక పక్క కుదురుకి తగిలించి, అద్దం పలక కిందనుంచి దూర్చి, రెండో పక్క చుట్టాలి. మొదటిసారి తిరగేసి ఎక్కించాను, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు కనిపించాయి. లైబ్రేరియన్ వచ్చి ఏమీ అనకుండా తీసి సరిగ్గా పెట్టి వెళ్ళింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. మీట కొంచెం గట్టిగా తిప్పితే ఒక నెల మొత్తం కళ్ళముందు జారిపోతుంది. మనకు కావలసింది డిసెంబర్ అయితే ఎప్పుడూ క్రిస్మస్ సేల్ ప్రకటనల దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నానికి నా తల దిమ్మెక్కిపోయింది. మావాడు హాయిగా 1984 నాటి టీవీ ధరలు చదువుకుంటూ కూర్చున్నాడు.

1980 తేలిగ్గానే దొరికింది. జాన్ విల్కిన్స్ కోచ్. ఫైనల్లో పోర్ట్ ఆర్థర్ ఊరి జెఫర్సన్ స్కూలు మీద 28-19. అక్కడొచ్చిన చిక్కల్లా తరగతి దగ్గరే, అంటే విద్యార్థుల సంఖ్యని బట్టి స్కూళ్ళని విడదీసే పోటీ వర్గం. పర్మియన్ 1972లో గెలిచింది 4ఏలో, 1980లో గెలిచింది 5ఏలో. ఇప్పుడు ఆడేది 6ఏలో. "అంటే అప్పట్లో చిన్న స్కూళ్ళతో ఆడేవాళ్ళా?" అన్నాడు మావాడు, కొంచెం నిరాశగా. కాదు, స్కూలు అక్కడే ఉంది, పేర్లే మారాయి. టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ 1980లో తరగతులకు పేర్లు మార్చి పెద్ద స్కూళ్ళని 5ఏ అంది, 2014లో మళ్ళీ మార్చి 6ఏ అంది. మూడూ ఆయా రోజుల్లో అన్నిటికంటే పై తరగతులే. ఇది రెండు వాక్యాల్లో రాయడానికి ఒక పూట పట్టింది.

అసలు తంటా 1984. పేపర్లో స్కోరు 21-21. ఎదుటి జట్టు బోమాంట్ ఫ్రెంచ్. నేను పేజీ అటూ ఇటూ జరిపి, మిగతా వార్త ఎక్కడో ఉంటుంది, ఓవర్‌టైమ్‌లో ఎవరో గెలిచుంటారని వెతికాను. లేదు. ఆట అక్కడితో అయిపోయింది, రెండు జట్లూ చాంపియన్లే.

ఇంటికొచ్చి పెద్దాయన్ని అడిగితే నవ్వాడు. టెక్సస్ స్కూలు ఆటల్లోకి ఓవర్‌టైమ్ వచ్చింది 1996లో. అంతకుముందు ప్లేఆఫ్స్‌లో స్కోరు సమమైతే "పెనెట్రేషన్లు" లెక్కపెట్టేవాళ్ళట. ఎదుటివాళ్ళ 20 గజాల గీత దాటి లోపలికి ఎన్నిసార్లు వెళ్ళారో చూస్తారు. అదీ సమమైతే ఫస్ట్ డౌన్లు, అంటే బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళి మళ్ళీ కొత్త అవకాశాలు సంపాదించిన సార్లు, లెక్కేస్తారు. ఎక్కువున్నవాళ్ళు పై రౌండ్‌కి. ఫైనల్ మాత్రం సమమైతే సమమే, కప్పు ఇద్దరిదీ. నాకు వెంటనే 2019 వరల్డ్ కప్ ఫైనల్ గుర్తొచ్చింది. సూపర్ ఓవర్ కూడా టై అయ్యాక బౌండరీలు లెక్కపెట్టి ఇంగ్లండ్‌కి ఇచ్చారు కదా, అలాంటి లెక్కే. ఫైనల్‌కి మాత్రం 2002 చాంపియన్స్ ట్రోఫీ పద్ధతి, వాన పడి ఇండియా, శ్రీలంక పంచుకున్నట్టు. పెద్దాయనకి క్రికెట్ చెప్పబోయాను. ఆయన మర్యాదగా చెవి వినపడనట్టు కూర్చున్నాడు.

పట్టికలో 1984ని ఎలా రాయాలని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "సగం అని రాయి" అన్నాను. "ఓడిపోలేదుగా, సగమేంటి?" అన్నాడు మావాడు. మా ఆవిడ "ఆ కాగితాలు తీసి కంచాలు పెట్టుకోండి ముందు" అంది. చివరికి వాడి మాటే నిలిచింది, పక్కన "ఉమ్మడి విజేత" అని చేర్చాం. నా ఉద్దేశంలో అదే న్యాయం. ఆనాటి నిబంధనతో ఆడిన పిల్లల్ని ఈనాటి నిబంధనతో తూచకూడదు.

1985 కూడా రాయాలా వద్దా? ఆ ఏడు మళ్ళీ ఫైనల్‌కి వెళ్ళి హ్యూస్టన్ యేట్స్ చేతిలో 37-0తో ఓడారు. కప్పుల పట్టికలో దానికి చోటు లేదు. కానీ పదేళ్ళ కథ రాస్తూ దాన్ని వదిలేస్తే దొంగతనంలా ఉంటుందనిపించి నేనే పట్టుబట్టాను.

1988 ఇంకో ముడి. గ్యారీ గెయిన్స్ కోచ్‌గా ఉన్న జట్టు సెమీఫైనల్లో డాలస్ కార్టర్ స్కూలు మీద 14-9తో ఓడింది. కార్టర్ ఆ ఏడు కప్పు గెలుచుకుంది, తర్వాత పోగొట్టుకుంది. 1984లో వచ్చిన "నో పాస్, నో ప్లే" చట్టం ప్రకారం పాసు మార్కులు రాని పిల్లవాడు ఆడకూడదు. కార్టర్‌లో ఒక ఆటగాడి ఆల్జీబ్రా మార్కుల మీద గొడవ మొదలై కోర్టులదాకా వెళ్ళింది, ఆఖరికి టైటిల్ తీసేశారు. మావాడి కళ్ళు మెరిశాయి. "అయితే అది మనకి రావాలిగా!" రాలేదు. ఫైనల్లో కార్టర్ చేతిలో ఓడిన కన్వర్స్ జడ్సన్‌కి ఇచ్చారు. ఆల్జీబ్రా గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదని నోరు తెరిచాను. వాడు అప్పటికే లేచి వెళ్ళిపోయాడు.

1989తో పేచీ లేదు. మళ్ళీ గెయిన్స్, పదహారు ఆటలకి పదహారూ గెలుపు, ఫైనల్లో హ్యూస్టన్ ఆల్డీన్ మీద 28-14. ఒక్క లైను, ఐదు నిమిషాలు.

ఇచ్చేముందు పట్టిక పెద్దాయనకి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వేలితో చదివాడు. 1984 దగ్గర తలూపాడు. 1985 దగ్గర వేలు ఆగింది.

"ఇది కావాలా?" అన్నాడు.

మావాడు నావైపు చూపించాడు.