యూరియా ఘాటు పోగొట్టడం: నా అనుభవం

యూరియా చల్లిన రెండో రోజు చేలో అడుగుపెడితే ముక్కుకు ఘాటు తగిలేది. ఎరువు పనిచేస్తోందనుకునేవాడిని. పైరుకు అందాల్సిన నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతున్న వాసన అదని తెలిశాక చాలా బాధేసింది.

కళ్లారా చూద్దామని రెండు గాజు సీసాల్లో చేలోని తడిమట్టి పోశాను. ఒకదాంట్లో యూరియా పైపైన చల్లాను, రెండోదాంట్లో రెండంగుళాల లోతున పూడ్చాను. పసుపునీళ్లలో ముంచిన కాగితం ముక్కలు మూతల లోపల అంటించి గట్టిగా బిగించాను. అమ్మోనియా తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మూడో రోజుకు మొదటి సీసాలో కాగితం ఇటుక రంగుకు తిరిగింది. రెండోది పసుపుపచ్చగానే ఉంది.

ఆ సీజన్‌లో మొక్కజొన్న సాళ్ల పక్కన గాడి తీసి యూరియా వేసి, మట్టి కప్పాం. పని రెట్టింపయింది. వెంటనే తడి ఇవ్వగలిగిన చోట మాత్రం గాడి తీయలేదు, ఎరువును నీళ్లే లోపలికి దింపుతాయి. ఘాటు పోయింది.

కానీ అంతటితో అయిపోలేదు. నేలలో ఉండిపోయిన నత్రజని నైట్రేటుగా మారుతుంది. వానకు నీళ్లు నిలిచి మట్టిలోకి గాలి ఆడకపోతే, సూక్ష్మజీవులు ఆ నైట్రేటులోని ఆక్సిజన్ వాడుకుంటాయి. అప్పుడు కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా బయటపడుతుంది. దాన్ని చేలో నిలబడి వాసనతో పసిగట్టలేం. వందేళ్ల లెక్కలో అంతే బరువున్న బొగ్గుపులుసు వాయువు కంటే అది 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే ఎరువు పూడ్చిపెట్టి పాత మోతాదే వేస్తే, ఒక దారి మూసి ఇంకో దారి తెరిచినట్టే.

అందుకే మట్టి పరీక్ష చేయించి మోతాదు తగ్గించాను. మిగిలింది మూడు దఫాలుగా, పైరు బాగా తీసుకునే రోజుల్లోనే వేశాను. అన్నిటికంటే కష్టమైంది ఇదే. పక్క చేను నల్లగా నిగనిగలాడుతుంటే ఒకటే టెన్షన్, ఇంకో బస్తా వేసేద్దామా అని. పొద్దున్నే ఎండ పడకముందు పది మొక్కల ఆకులు, పచ్చదనాన్ని బట్టి నత్రజని చాలుతోందో లేదో చెప్పే రంగుల పట్టిక పక్కన పెట్టి చూసేవాడిని. రంగు తగ్గలేదని పట్టిక చెబుతుంటే చెయ్యి ఆపుకున్నాను. దిగుబడి తగ్గలేదు.

పల్లపు మూలలో మాత్రం వానకు ఇంకా నీళ్లు నిలుస్తున్నాయి. ఈసారి పైపాటుగా ఎరువు వేయడానికి ముందే అక్కడ మురుగు కాలువ తీస్తున్నాను.