ఆమెకు గుర్తున్నది, నాకు లేనిది

నాకొచ్చిన జబ్బు మెదడువాపు. డాక్టర్ల కాగితాల్లో హెర్పిస్ సింప్లెక్స్ ఎన్‌సెఫలైటిస్ అని ఉంటుంది. జ్వరం తగిలినప్పుడు పెదవి అంచున పొక్కులు లేపే మామూలు వైరస్సే దీనికీ కారణం. ఏడాదికి పది లక్షల మందిలో ఏ ఇద్దరి నుంచి నలుగురికో అది మెదడులోకి చేరుతుంది. చేరిందంటే ఎక్కువగా కణతల వెనుక భాగాన్ని, అక్కడే లోపల ఉండే హిప్పోకాంపస్‌ను దెబ్బతీస్తుంది. కొత్త జ్ఞాపకాలను పదిలపరిచేది ఆ భాగమే.

ఆసుపత్రి రోజుల గురించి నాకు తెలిసిందంతా మా ఆయన చెప్పగా విన్నదే. జ్వరం, తలనొప్పి, ఆపైన ఇంట్లో ఎక్కడో రబ్బరు కాలుతోందని గదిగదికీ తిరిగి వెతికానట. ఏదీ కాలలేదు. మెదడులో ఆ ప్రాంతం రేగినప్పుడు లేని వాసనలు తగలడం ఉందట. తెల్లారేసరికి మాట తడబడింది, మా అమ్మాయిని మా చెల్లెలి పేరుతో పిలిచాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండానే ఎసైక్లోవిర్ మొదలుపెట్టారు. నేను బతికింది ఆ తొందర వల్లే. ఆ మందు లేని కాలంలో ఈ జబ్బు సోకినవారిలో సుమారు 70 శాతం మంది పోయేవారు. ఎనిమిది గంటలకోసారి, గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి. వేగం పెంచితే మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది కాబట్టి తోడుగా సెలైన్ నడుస్తూనే ఉంటుంది. ఇలా 14 నుంచి 21 రోజులు. ఈ మందు తయారు కావడానికి కారణమైన శాస్త్రవేత్తల్లో గెర్ట్రూడ్ ఎలియన్ ముఖ్యురాలు. 1988లో మరో ఇద్దరితో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకుంది. చదివి తెచ్చుకున్న పీహెచ్‌డీ పట్టా ఆవిడకు లేదు. ఈ సంగతి కనపడినవాళ్లందరికీ చెబుతుంటాను. కొందరికి రెండోసారి కూడా చెప్పే ఉంటాను, వాళ్లు మర్యాదకు కొత్తగా విన్నట్టు తలూపుతారు.

నాకు స్వయంగా గుర్తున్న మొదటి దృశ్యం డాక్టరు గదిలో గడియారం బొమ్మ గీయడం. పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. గుండ్రంగా గీసి, అంకెలన్నీ సరిగ్గా సర్ది, రెండు ముళ్లూ పెట్టి గర్వంగా కాగితం ఇచ్చాను. ఆయన బాగుందన్నారు. కాసేపు ఏవేవో లెక్కలు, ప్రశ్నలు అడిగాక, "ఇందాక మీకు ఐదు మాటలు చెప్పాను, అవి చెప్పండి" అన్నారు. "ఏ మాటలు?" అన్నాను. ఐదూ మరచిపోయానన్నది కాదు విషయం. అసలు మాటలు చెప్పినట్టే నాకు తెలియదు. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నెలలు గడిచేకొద్దీ కొత్త సంగతులు నిలవడం మొదలైంది. పోయినవి మాత్రం పోయాయి. జబ్బుకు ముందు ఎనిమిది, పదేళ్ల కాలం నాకు దాదాపు ఖాళీ. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క. దానికి వెనుక ఉన్నదంతా శుభ్రంగా ఉంది. బడిలో మొదటి బల్ల, హాస్టల్ మేడ మెట్లు, ఎవరి గొంతు ఎలా ఉండేదో కూడా. పాత జ్ఞాపకాలకంటే కొత్తవే ముందు చెదురుతాయని ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1881లోనే గమనించాడు. అంటే నేను పాఠ్యపుస్తకంలో చెప్పినట్టే మరచిపోయానన్నమాట.

అలా మిగిలినవారిలో అందరికంటే స్పష్టంగా మిగిలింది నా హాస్టల్ నేస్తం. ఇంటికి వచ్చినప్పటి నుంచీ "అది నన్ను చూడడానికి ఇంకా ఎందుకు రాలేదు?" అని మా ఆయనను అడుగుతూనే ఉన్నానట. ఆయన ఏదో ఒకటి చెప్పి దాటవేసేవాడు. మేమిద్దరం ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదని నాకు తెలియదు. చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు. చివరికి ఒకరోజు నాకు తెలియకుండా ఆమెకు ఫోన్ చేశాడు. జబ్బు సంగతి చెప్పాడు గాని, ఏది పోయిందో, ఏది ఉందో వివరించలేదు.

ఆమె వచ్చింది. జుట్టు నెరిసి, నేను అనుకున్నదానికంటే చాలా పెద్దదై వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది, మొహం బిగబట్టుకుని. నేను లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట, "పిన్ని ఎలా ఉందే?"

పిన్ని అంటే వాళ్లమ్మ. హాస్టల్‌కు వచ్చే ఉత్తరాల్లో కూతురికి రాయవలసిందంతా రాశాక, అడుగున మిగిలిన చోట నాకోసం రెండు వరుసలు ఇరికించేది. చోటు చాలకపోతే కాగితం తిప్పి అంచున నిలువుగా రాసేది. ఆ వరుసలు చదవడానికి నేను ఉత్తరం అడ్డంగా పట్టుకుంటే, నా నేస్తం "అది నా ఉత్తరమే" అని లాక్కునేది.

నా ప్రశ్నకు ఆమె జవాబివ్వలేదు. మా ఆయన వైపు చూసి, "అన్నయ్యా, నిజంగానా?" అంది. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు చెప్పింది, పిన్ని పోయి ఆరేళ్లు దాటిందని. నేను ఏడ్చాను. ఆరేళ్ల కిందటి చావుకు కాదు, నాకు అది ఆ నిమిషంలోనే జరిగింది. ఆమె కాసేపు నన్ను చూస్తూ ఉండిపోయి, తర్వాత నా పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ కళ్లు తుడుచుకున్నాక ఆమెకు కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. "అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు. అందుకే నీతో మాట మానేశాను. నిన్ను చూస్తే ఏమనాలో ఇన్నేళ్లూ కూడబెట్టుకున్నాను. దారి పొడుగునా మనసులో అప్పగించుకుంటూ వచ్చాను. తీరా వస్తే నీకేమీ గుర్తులేదంటావు. ఇప్పుడిది ఎవరికి చెప్పుకోను?"

అంతా చెప్పమన్నాను. చెప్పింది. నేను ఎవరో మూడో మనిషి సంగతి విన్నట్టు విన్నాను. మా ఆయన చెప్పేది వేరు. కబురు మాకు ఆలస్యంగా అందిందని, ఆ మాట అంటే ఆమె నమ్మలేదని, ఫోనులో ఇద్దరం అనకూడని మాటలు అనుకున్నామని. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కాదు. తీర్పు చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని నేను, నా దగ్గర ఏమీ లేదు. క్షమించమని అడుగుదామంటే దేనికని అడగాలి? పోనీ నేనే క్షమిద్దామంటే మనసులో కోపం జాడే లేదు. గతాన్ని వదిలెయ్యమని లోకమంతా సలహా ఇస్తుంది. నాది వైరస్సే వదిలించింది, అందులో నా గొప్పతనం ఏమీ లేదు. వదలడమనే పని మొత్తం ఆమె నెత్తిన పడింది. ఆమె కోపంలో న్యాయం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత ఆమె తరచు వస్తూ పోతూ ఉండేది. పాత రోజులు తవ్వుకునేవాళ్లం. ఒకసారి హాస్టల్ మెట్ల మీద ఇనప ట్రంకు పెట్టెతో సహా నేను జారిపడిన సంగతి చెప్పాను. గడ్డం పగలడం, నోట్లో రక్తం ఉప్పగా తగలడం, వార్డెన్ తన పమిట చెంగుతో అదిమి పట్టుకోవడం, అన్నీ చెప్పాను. ఆమె ఏమీ అనకుండా తల వెనక్కి వాల్చింది. గడ్డం కింద, దవడ ఎముక వంపులో, గోరంత తెల్లటి మచ్చ. "పడింది నేనే. నువ్వు పైమెట్టు మీద నిలబడి కేకలు పెట్టావు." అద్దంలో నా గడ్డం చూసుకున్నాను. నున్నగా ఉంది.

ఇది జబ్బు పనేనా అని డాక్టరును అడిగాను. కానక్కర్లేదన్నారు. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా పక్కవాళ్ల జ్ఞాపకాలను తమవిగా చేసుకుంటారట. తలుచుకున్నప్పుడల్లా జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుందని, ఆ మధ్యలో మారిపోయే వీలుందని ఎలుకల మీద పరిశోధనలు చూపించాయట, 2000లో వచ్చిన ఒక ప్రయోగం నుంచి దీని మీద చర్చ ఎక్కువైందట. అది విన్నాక మనసు కొంచెం తేలికపడింది. నా దగ్గర చెక్కుచెదరకుండా ఉందనుకున్న పాతకాలం కూడా మరీ అంత చెక్కుచెదరనిదేమీ కాదు.

ఫోనులో ఉన్న పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. ఆ పదేళ్లలో చేరిన పేర్లు చాలా ఉన్నాయి, వాటికి ముఖాలు లేవు. మొదట్లో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నాకిలా అయింది, మీరెవరో చెప్పండి అని అడిగేదాన్ని. చాలామంది ఓపికగా చెప్పారు. ఒకావిడ మాత్రం మేమిద్దరం రోజూ పొద్దున్నే కలిసి నడిచేవాళ్లమని, తన బాధలన్నీ నాకే చెప్పుకునేదని అంది. నేను మర్యాదగా వింటున్నానని గ్రహించి ఫోన్ పెట్టేసింది. ఆవిడ బాధలు ఏమిటో అడిగి మళ్లీ తెలుసుకునే హక్కు నాకు లేదనిపించింది. తర్వాత ఆ ప్రయత్నం మానుకున్నాను. ఎవరైనా వాళ్లంతట వాళ్లు వస్తే కొత్తగా పరిచయం చేసుకుంటాను. కొందరు అలాగే వచ్చారు.

ఇప్పటికీ నోటు పుస్తకం పక్కన లేనిదే నాకు రోజు గడవదు. ఎవరు వచ్చారు, ఏమన్నారు, నేనేం ఒప్పుకున్నాను, అన్నీ రాస్తాను. పోయిన నెల నా నేస్తానికీ నాకూ మళ్లీ గొడవైంది. పిన్ని ఉత్తరాలు తన దగ్గరే ఉన్నాయట, నా వరుసలున్న కాగితాలైనా ఇవ్వమంటే ఇవ్వనంది. "అవి నా ఉత్తరాలే" అంది. తేదీ వేసి, ఆమె అన్నది అన్నట్టుగా రాసి, కింద సంతకం పెట్టమన్నాను. పెట్టింది, నా మాటల్లో ఒకటి తప్పుగా రాసుకున్నానని కొట్టేసి మరీ.