ఎన్నికల వార్తలతో వచ్చిన ఇంగ్లీష్

పిల్లలకి ఇంగ్లీష్ రావాలంటే ఏం చేయాలని అమెరికాకి కొత్తగా వచ్చిన వాళ్లు అడుగుతుంటారు. ట్యూషన్ పెట్టించాలా, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా, కార్టూన్లు చూపించాలా అని. నేను చెప్పేది ఒకటే, వార్తలు వినిపించండి. అందులోనూ అందరూ నోరెళ్లబెట్టిన వార్త ఏదైనా దొరికితే అస్సలు వదలొద్దు, ముందు పిల్లలతో కూర్చుని దాని గురించి తెలుగులో కావలసినంత మాట్లాడండి, ఆ తర్వాతే ఇంగ్లీష్ జోలికి వెళ్లండి. మావాడి విషయంలో ఆ వార్త 2016 నవంబర్‌లో డొనాల్డ్ ట్రంప్ గెలవడం.

మేం ఆ ఏడాది వేసవిలోనే గుంటూరు నుంచి మిషిగన్ వచ్చాం, డెట్రాయిట్‌కి దగ్గర్లో ఉన్న నోవైకి. వాడిని నాలుగో తరగతిలో వేశారు. గుంటూరులో చదివింది ఇంగ్లీష్ మీడియమే, పుస్తకం చేతికిస్తే గడగడా చదివేవాడు, స్పెల్లింగ్ తప్పు పోయేది కాదు. కానీ క్లాసులో పక్కనున్న పిల్లాడు ఏదైనా అంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇక్కడి వాళ్లు మాటల్ని ఒకదాంట్లో ఒకటి కలిపేసి సగం మింగేస్తారు కదా. ఇంటికొస్తే వాగుడుకాయ, స్కూల్లో నోరు విప్పడు. తల్లికి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది!

ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకి స్కూల్లో విడిగా ఒక టీచర్ ఉండేవారు. ఆవిడే అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల లెర్నింగ్ ఇంగ్లీష్ వార్తలు వినిపించమన్నారు. 1959లో స్పెషల్ ఇంగ్లీష్ పేరుతో మొదలైంది అది. సుమారు 1500 మాటలతోనే వార్తంతా చెప్పాలని పెట్టుకున్నారు, వాక్యాలు చిన్నవి, చదివేది నిదానంగా, ఏ మాటకి ఆ మాట విడిగా వినపడుతుంది. గుంటూరులో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో చెబితే, కుర్రతనంలో రేడియోలో షార్ట్‌వేవ్ మీద విన్నానని తెగ సంబరపడ్డారు. మావాడు మాత్రం మొదట్లో పట్టించుకోలేదు. అంతరిక్షం, వ్యవసాయం, ఏదో దేశంలో వరదలు... వింటాడు, తల ఊపుతాడు, మర్చిపోతాడు. వాడికి సంబంధం లేని వార్త వాడికెందుకు?

నవంబర్ 8తో అదంతా మారిపోయింది. సర్వేల్లో చాలావరకు హిల్లరీ క్లింటన్‌దే గెలుపు అన్నాయి. పిల్లల పుస్తకాలు వేసే స్కొలాస్టిక్ సంస్థ 1940 నుంచి దేశవ్యాప్తంగా స్కూలు పిల్లల చేత ఉత్తుత్తి ఓట్లు వేయిస్తూ వచ్చింది, అప్పటిదాకా 1948, 1960 తప్ప ప్రతిసారీ పిల్లలు ఎవరంటే వాళ్లే గెలిచారు, ఆ ఏడాది పిల్లలు కూడా హిల్లరీ అనే అన్నారు. అలాంటిది తెల్లారేసరికి మొత్తం తారుమారు. అందులోనూ మేమున్న రాష్ట్రమే ఆ రాత్రికి తేలలేదు! మిషిగన్‌లో తేడా 10,704 ఓట్లు, అధికారికంగా ఖరారు చేసింది నవంబర్ 28న. మన దగ్గర అసెంబ్లీ సీటుకి వచ్చే మెజారిటీ అంత కూడా లేదు, దాని మీద 16 ఎలక్టోరల్ ఓట్లు ఆధారపడ్డాయి. ఇక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలకి ఉండే ఈ ఎలక్టోరల్ ఓట్లే, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రానివన్నీ వాళ్లకే.

మర్నాడు పొద్దున్న వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇంగ్లీష్ గురించి కాదు. "అమ్మా, మనల్ని పంపించేస్తారా?" అన్నాడు. బస్సులో ఎవరో అన్నారట. మేం హెచ్-1బి మీద వచ్చిన వాళ్లం, మాకు ఓటు లేదు, వీసా కాగితాలేమో ఫైల్లో భద్రంగా ఉన్నాయి. వాడికి ఆ ఫైలు తీసి చూపించాను, వీసా అంటే ఏమిటో, అధ్యక్షుడు ఏం చేయగలడో, ఏది చేయాలంటే కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఒప్పుకోవాలో, కోర్టులు ఎందుకున్నాయో, కొత్తాయన పదవిలోకి వచ్చేది జనవరి 20న అనీ, అన్నీ తెలుగులోనే చెప్పాను. ఆ రోజు నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి ఉంటే వాడు తల ఊపి ఊరుకునేవాడని నాకు గట్టి నమ్మకం. భయం వేసినప్పుడు పిల్లలు అడిగేది అమ్మ భాషలోనే, జవాబు కూడా అందులోనే అందాలి.

ఆ సాయంత్రం నుంచి వాడే వచ్చి వార్త పెట్టమనేవాడు. ఒక వాక్యం వినడం, ఆపడం, ఏం విన్నాడో తెలుగులో చెప్పడం, మళ్లీ విని ఈసారి ఇంగ్లీషులో చెప్పడం. ఓటమి ఒప్పుకోవడానికి, ఓట్ల తిరిగి లెక్కింపుకి, హోరాహోరీకి, అటూ ఇటూ ఊగే రాష్ట్రాలకి, అన్నిటికీ వాడికి తెలుగు మాట ముందే తెలుసు, ఎందుకంటే 2014లో గుంటూరులో తాతయ్య ఒళ్లో కూర్చుని కౌంటింగ్ చూసిన పిల్లాడు వాడు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఇంగ్లీష్ మాట ఒక్కటే, దాని వెనకున్న సంగతి కాదు. తెలిసిన సంగతికి కొత్త మాట ఇట్టే అంటుకుంటుంది, ఆ కొద్ది వారాల్లో దాన్ని కళ్లారా చూశాను.

వాడికి కొత్తగా అనిపించినవీ ఉన్నాయి. గెలుపు ప్రకటించాల్సింది ఎలక్షన్ కమిషన్ కదా, ఇక్కడ ఆ రాత్రే వార్తా సంస్థలు ఫలానా ఆయన గెలిచాడనేస్తే అందరూ ఎందుకు నమ్ముతున్నారు అని అడిగాడు. మంచి ప్రశ్నే, నాకూ వచ్చిన అనుమానమే. అధికారిక లెక్కలు ఆ తర్వాత వారాల తరబడి రాష్ట్రాల వారీగా జరుగుతాయనీ, అసోసియేటెడ్ ప్రెస్ లాంటి వాళ్లు వచ్చిన ఓట్లను బట్టి ముందే చెబుతారనీ ఇద్దరం కలిసి చదివి తెలుసుకున్నాం. దేశం మొత్తం మీద హిల్లరీకి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారనేది వాడికి మింగుడు పడలేదు. మ్యాప్ ముందేసుకుని మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ చూపించాను. మూడింట్లో కలిపి తేడా సుమారు 78 వేలు. విస్కాన్సిన్‌కి ఆవిడ అభ్యర్థి అయ్యాక ప్రచారానికి ఒక్కసారి కూడా రాలేదు. ట్రంప్ చివరి సభ పెట్టింది మా రాష్ట్రంలోనే, గ్రాండ్ రాపిడ్స్‌లో, పోలింగ్ రోజు అర్ధరాత్రి దాటాక. మా ఓక్లండ్ కౌంటీ హిల్లరీ వైపు, ఆ పక్కనే ఉన్న మకోంబ్ కౌంటీ ఒబామాకి రెండుసార్లు ఓటేసి ఈసారి ట్రంప్‌కి దాదాపు 48 వేల ఆధిక్యం ఇచ్చింది. కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలు ఎక్కువున్న చోటు అది. వాళ్లు ఎందుకు మారారో ఇంట్లో చాలా సేపు మాట్లాడుకున్నాం. ఎవరినీ తిట్టకుండా మాట్లాడాలని మాత్రం నేను ముందే గీత గీశాను, మా ఇంటి పక్కన రెండు పార్టీల బోర్డులూ ఉన్నాయి మరి, ఆ పిల్లలతోనే వీడు ఆడుకోవాలి.

ప్రసంగాలు కూడా విన్నాం. గెలిచిన రాత్రి ట్రంప్ మాట్లాడింది, మర్నాడు హిల్లరీ ఓటమి ఒప్పుకుంటూ మాట్లాడింది, వైట్‌హౌస్ తోటలో ఒబామా మాట్లాడింది. నేనైతే ఒబామా ఇంగ్లీష్ నేర్పుదామనుకున్నా. వాడికి అందరికన్నా బాగా అర్థమైంది ట్రంప్! చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, అన్నదే మళ్లీ అనడం. రాజకీయం పక్కనపెడితే కొత్తగా నేర్చుకునే చెవికి అది పెద్ద సాయం. హిల్లరీ చిన్న ఆడపిల్లలనుద్దేశించి అన్న మాటలు మూడోసారి వింటే గానీ పట్టుకోలేకపోయాడు, పట్టుకున్నాక మాత్రం "అమ్మా, ఓడిపోయి కూడా ఆవిడ పిల్లలకి ధైర్యం చెబుతోంది" అన్నాడు. ఆ అవగాహన ఏ గ్రామర్ పుస్తకంలో వస్తుంది చెప్పండి.

వాడు క్లాసులో మొదటిసారి నోరు తెరిచింది మాత్రం మా నాన్నగారి పుణ్యాన. ఎలక్టోరల్ కాలేజీ గురించి తాతయ్యకి ఫోన్లో వీడు పాఠం చెబుతుంటే, ఆయన మధ్యలో ఆపి, "ఒరేయ్, ఊహించని ఫలితమంటే కల్వకుర్తిరా" అని 1989 కథ ఎత్తుకున్నారు. ఎన్టీఆర్ అప్పుడు ముఖ్యమంత్రి, హిందూపురంతో పాటు కల్వకుర్తిలో కూడా నిలబడ్డారు, అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. రాముడిగా, కృష్ణుడిగా జనం కొలిచిన మనిషిని ఓడించారా అని ఆ రోజు ఊరంతా నమ్మలేదట. వారం తిరిగేలోపు టీచర్ అందరినీ మీకు తెలిసిన ఎన్నికల గురించి చెప్పమన్నారు. వంటింట్లో నా వెనకాల తిరుగుతూ వీడు ఆ కథ ఇంగ్లీషులో కట్టుకున్నాడు. ముఖ్యమంత్రి అంటే ఇక్కడి గవర్నర్ లాంటివాడని చెప్పాలి, ఒక మనిషి రెండు చోట్ల ఎందుకు పోటీ చేస్తాడో చెప్పాలి, కల్వకుర్తి ఎక్కడుందో చెప్పాలి. తడబడ్డాడట, మధ్యలో ఒక తెలుగు మాట కూడా దొర్లిందట, కానీ పూర్తిగా చెప్పాడు. సినిమా హీరో ముఖ్యమంత్రి ఎలా అవుతాడని ఒకమ్మాయి అడిగితే, టీచరే నవ్వి, సినిమా నటుడిగా ఉండి అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ పేరు చెప్పారట. ఆ రోజు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు నా పిల్లాడు.

అందుకే ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు క్లాసులో వాడికి చెప్పడానికంటూ ఒక కథ ఉందంటే అది తెలుగులో విన్నది కాబట్టే.

ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి కష్టం అటువైపు. ఇంగ్లీష్ దంచేస్తుంది, తెలుగు చదవమంటే అక్షరాలు కూడబలుక్కుంటుంది. 2024 జూన్ 4న ఆంధ్ర ఫలితాలు వచ్చినప్పుడు అదే పద్ధతి పెట్టాం. 2019లో 175లో 151 సీట్లు గెలిచిన పార్టీ 11కి పడిపోయింది, ఎలా అని అడిగింది, అది చాలు. ఈసారి పక్కన కూర్చుని ఆపుతూ, అడుగుతూ చదివించింది వాళ్లన్నయ్య. ముందు సంగతంతా దానికి ఇంగ్లీషులో చెప్పి, తర్వాత తెలుగు పేపర్ హెడ్డింగ్ ముందు పెట్టాడు. 'కూటమి' దగ్గర కాసేపు ఆగింది, 'ఘనవిజయం' మాత్రం ఒక్క ఊపులో చదివేసింది.